తొడుగు తీయని కుర్చీలు

మా అత్తయ్య పంతొమ్మిదేళ్ళు నిలబడింది. ఎన్నికల్లో కాదు, బట్టల కొట్లో. పొద్దున పది గంటలకు మీటరుబద్ద చేతిలోకి తీసుకుంటే మళ్ళీ సాయంత్రం ఏడున్నరకు గోడకు తగిలించేది. మధ్యలో భోజనానికి ఇరవై నిమిషాలు ఇచ్చేవాళ్ళు. ఆ ఇరవై నిమిషాలూ మెట్ల కింద, చేతులు కడుక్కునే చోట, టిఫిను డబ్బా అరచేతిలో పెట్టుకుని నిలబడే తినేది. అక్కడ కూర్చోవడానికి ఏమీ ఉండేది కాదు.

కర్టెన్ల గుడ్డ, పరుపు గుడ్డ, దుప్పట్లు, చొక్కా గుడ్డలు అమ్మే కొట్టు అది. తలుపుకు ఇత్తడి గంట కట్టి ఉంటుంది. తలుపు తెరుచుకుంటే గంట మోగుతుంది, గంట మోగితే కౌంటర్ల వెనక ఎవరు ఎలా ఉన్నా సరే నిటారుగా నిలబడాలి. కౌంటరు మీద మోచేయి ఆనించకూడదు, అరలకు చేరగిలబడకూడదు. యజమాని పొద్దున్నే వచ్చినప్పుడైతే ఆయన మెట్లెక్కి అద్దాల గదిలోకి వెళ్ళేదాకా ఎవరూ కదలకూడదు. వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ వస్తున్న పద్ధతి అనేవాళ్ళు. పద్ధతి అన్నాక ఎవరూ ఎదురు మాట్లాడరు కదా, ఆ పేరు అందుకే పెట్టుకున్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ గంట ఆవిడ ఒంట్లోకి ఎంతగా ఎక్కిందంటే, ఇంట్లో ఉండగా వీధిలో సైకిలు గంట వినపడినా లేచి నిలబడేది. "అమ్మా, ఎవరూ గుడ్డ కొనడానికి రాలేదు, కూర్చో" అని మా ఆయన ఏడిపించేవాడు. నేనూ పకపకా నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆవిడ ఎడమకాలి నరాలు ఉబ్బి, చీలమండ పైన చర్మం నల్లబడి, ఆ వేసవికి ముందు అక్కడ పుండు పడింది. రోజూ సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, మందు రాసి, కట్టు కట్టడం నా పని. ఎంత కట్టినా మానేది కాదు. డాక్టరు రెండోసారి చూసి, మందు తానివ్వగలనుగానీ కూర్చోబెట్టడం తన చేతిలో లేదన్నాడు. రోజులో సగమైనా కూర్చోకపోతే పుండు లోపలికి దిగుతుందనీ, ఆ తర్వాత తన దగ్గరకు కాదు, పెద్దాసుపత్రికే తీసుకెళ్ళాలనీ చెప్పాడు. పని మానేద్దామంటే మా ఆయన పని చేసే మెకానిక్కు షెడ్డు అప్పటికే మూతపడేలా ఉంది. ఇల్లు అత్తయ్యదీ నాదీ, ఇద్దరి జీతాల మీదే నడుస్తోంది.

ఇద్దరి జీతాలూ అదే కొట్లోంచి. మూడేళ్ళ కిందట బిల్లు కౌంటరులో మనిషి కావాలంటే, మా కోడలికి కంప్యూటరు వచ్చునని చెప్పి నన్ను పెట్టించింది ఆవిడే. బిల్లు కౌంటరు దగ్గర చక్రాల కుర్చీ ఉంది, మెత్తటి సీటు, వెనక్కి వాలే వీలు. కింద అంతస్తు మొత్తానికీ కూర్చునే మనిషిని నేనొక్కదాన్నే. నాకు పది అడుగుల ముందే అత్తయ్య కౌంటరు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మార్చుకుంటూ ఆవిడ నిలబడే తీరు రోజంతా నా కళ్ళెదుటే ఉండేది. చూస్తూ బిల్లులు కొట్టేదాన్ని.

మార్చి నెలాఖరులో కొత్త చట్టం వచ్చింది. పదిమందికి మించి పని చేసే ప్రతి కొట్లోనూ పనివాళ్ళందరికీ తలా ఒక ఆసనం ఉండాలి, కొనేవాళ్ళు లేనప్పుడు కూర్చోనివ్వాలి. అంతే చట్టం. పేపర్లో ఆ వార్త చూసి దుప్పట్ల సెక్షనులో పనిచేసే అక్క కత్తిరించి తెచ్చింది. మెట్ల కింద భోజనాల దగ్గర చేతులు మారి మారి ఆ ముక్క నలిగిపోయింది. మనిషిని కూర్చోనివ్వాలని చెప్పడానికి ఒక చట్టం కావలసొచ్చిందని ఆ రోజు ఎవరికీ సిగ్గుగా అనిపించలేదు. అందరూ సంబరపడ్డారు.

ఆ ఆదివారం అత్తయ్య ఇంట్లో కుట్టుమిషను ముందేసుకుని, కొట్లో మిగిలిన కర్టెను ముక్కలు నాలుగు జోడించి చిన్న దిండు కుట్టింది. చదరంగా, మూలలకు నాడాలతో. దేనికి అత్తయ్యా అని అడిగితే, రాబోయే కుర్చీకి అంది. అలా అంటున్నప్పుడు కొంచెం సిగ్గుపడింది కూడా. ఆ దిండు మీద కూర్చుని చూసి, లేచి, లోపలి దూది ఇంకొంచెం సర్ది, మళ్ళీ కూర్చుంది. ఆవిడ ఇంట్లో అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి చూశాను.

కుర్చీలు వారంలో వచ్చాయి. ఎర్రటివి, పద్దెనిమిది. ఒక్కో కుర్చీకీ పైనుంచి కింద దాకా మందపాటి ప్లాస్టిక్ తొడుగు. కౌంటర్ల వెనక తలా ఒకటి పెట్టించి, సూపర్వైజరు అందరినీ పిలిచాడు. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ బిర్రబిగుసుకుని నడుస్తాడని ఆయన్ని చాటున మీటరుబద్ద అని పిలుచుకునేవాళ్ళం. ఆ తొడుగులు ఎవరూ తీయకూడదనీ, తీస్తే కుర్చీలు పాడవుతాయనీ చెప్పాడు. కూర్చోకండి అని మాత్రం అనలేదు. ఆ మాట అనకుండా ఉండడానికే వాళ్ళు అంత శ్రమపడ్డారు.

తొడుగు వెనక సంగతి మధ్యాహ్నానికల్లా బయటపడింది. దాని మీద ఎవరు కూర్చున్నా పటపటమని చప్పుడు. కొట్లో కొనేవాళ్ళు లేని వేళ కదా కూర్చునేది, అప్పుడు చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. చప్పుడైన వైపుకు మీటరుబద్ద చక్కా వచ్చి నిలబడేవాడు. ఏమీ అనేవాడు కాదు. చేతి గడియారం చూసుకుని, కూర్చున్న మనిషిని చూసి, అక్కడే ఉండేవాడు. అలా ఎదురుగా మనిషి నిలబడి ఉంటే ఎవరు మాత్రం కూర్చోగలరు? రెండు రోజుల్లో చప్పుళ్ళు ఆగిపోయాయి.

దుప్పట్ల అక్క ఒక్కతే మొండికేసింది. ఆయన ఎదురుగా నిలబడి ఉండగానే పూర్తిగా పావుగంట కూర్చుంది. మర్నాడు ఆమెను మూడో అంతస్తులో సరుకు గదికి మార్చారు. అక్కడ కిటికీ లేదు, ఫ్యాను లేదు, కుర్చీ అసలే లేదు. సరుకు గది కొట్టు కిందకు రాదనీ, కాబట్టి చట్టం అక్కడికి ఎక్కదనీ మీటరుబద్ద వివరించాడు. వింటుంటే ఒళ్ళు మండింది. మండినా నేను బిల్లులు కొట్టుకుంటూ కూర్చున్నాను.

అత్తయ్య దిండు సంచిలోనే ఉండిపోయింది. పొద్దున తీసుకెళ్ళేది, సాయంత్రం తెచ్చేది.

ఏప్రిల్ మధ్యలో యజమాని ఒక సలహాదారుణ్ణి పిలిపించాడు. చట్టాల్లో సందులు వెతికిపెట్టడం ఆయన వృత్తి. పైన మాట్లాడడం అయిపోయాక కిందకు దిగి, తన ఇంటికి కర్టెన్లు కావాలని అత్తయ్య కౌంటరుకు వచ్చాడు. ఆవిడ అరల్లోంచి గుడ్డ తానులు ఒకదాని మీద ఒకటి దించి చూపిస్తుంటే ఆయన కౌంటరు వెనక్కి వెళ్ళి, ఆవిడ కుర్చీ లాక్కుని పటపటమని కూర్చున్నాడు. కాలు మీద కాలేసుకుని రంగులు ఎంచాడు. ఆ కుర్చీలో మొట్టమొదట కూర్చున్న మనిషి ఆయనే. అత్తయ్య ఆయన పక్కనే నిలబడి తొమ్మిది మీటర్లు కొలిచి, సుద్ద గీత కూడా లేకుండా తిన్నగా కత్తిరించి ఇచ్చింది.

ఆ కత్తెర గురించి ఒక మాట చెప్పాలి. గుడ్డ కత్తెరతో గుడ్డ తప్ప మరొకటి కత్తిరిస్తే పదును పోతుంది. కొత్తలో నేనొకసారి బిల్లు కాగితం కత్తిరించబోతే అత్తయ్య నా చేతిమీద ఒక్కటి వేసి కత్తెర లాక్కుంది. ఇన్నేళ్ళలో ఆవిడ నా మీద చెయ్యెత్తింది అంటే అదే, అదీ కత్తెర కోసం.

మర్నాడు మీటరుబద్ద నా ముందు ఒక కాగితం పెట్టాడు. సలహాదారు రాసిచ్చిన నమూనా. "నాకు నిలబడి పని చేయడమే సౌకర్యంగా ఉంది. యాజమాన్యం కుర్చీ ఇచ్చినా నా ఇష్టపూర్వకంగా వద్దంటున్నాను. ఇందులో ఎవరి బలవంతమూ లేదు." పద్దెనిమిది మంది పేర్లతో పద్దెనిమిది కాపీలు కావాలన్నాడు. వాళ్ళను అడగొద్దా అని నేను గొణిగాను. అడగడానికే కదా సంతకం అన్నాడు. తర్వాత, మా అత్తాకోడళ్ళిద్దరం ఒకే చోట పనిచేయడం యజమాని మంచితనమని, అడక్కుండానే గుర్తు చేశాడు.

నేను టైపు చేశాను. చక్రాల కుర్చీలో కూర్చుని, నడుము వెనక్కి వాల్చి, అందరికీ నిలబడడమే సౌకర్యమని పద్దెనిమిది సార్లు అచ్చు తీశాను. పదకొండోది మా అత్తయ్య పేరు.

సాయంత్రం కొట్టు కట్టే ముందు అందరూ నా కౌంటరు దగ్గర వరసలో నిలబడ్డారు. ఇంటికి వెళ్ళే తొందరలో ఎవరికి చదివే ఓపిక ఉంటుంది? మీటరుబద్ద పక్కనే ఉన్నాడు. నేను కలం అందిస్తున్నాను. అత్తయ్య వంతు వచ్చింది. కళ్ళజోడు కోసం సంచి తడుముకుంటూ, "కుర్చీలు అందినట్టు సంతకమా?" అని అడిగింది.

"కుర్చీల గురించే అత్తయ్యా" అన్నాను.

అది అబద్ధం కాదు. అబద్ధమైతే ఇంత నీచంగా ఉండేది కాదేమో. ఆవిడ సంచిలోంచి చెయ్యి తీసేసింది. "నువ్వు టైపు చేసిందేగా" అని, కళ్ళజోడు లేకుండానే సంతకం పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, పద పోదామంది.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం ఎండకు వీధిలో పురుగు లేదు. కాలు బాగా సలుపుతోందేమో, అత్తయ్య సంచిలోంచి దిండు తీసి, నాడాలు కుర్చీకి కట్టి, కూర్చుంది. దిండు ఉన్నా కింద ప్లాస్టిక్ పటపటలాడింది. మీటరుబద్ద వచ్చాడు. ఈసారి నోరు విప్పాడు.

"కుర్చీ వద్దని మీరే రాసిచ్చారు కదమ్మా."

ఆవిడకు అర్థం కాలేదు. తానేమీ రాసివ్వలేదంది. ఆయన నా సొరుగు తెరిపించి, పదకొండో కాగితం లాగి, కొట్టంతా వినపడేలా చదివాడు. నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేదు, అన్న ముక్కలు రెండోసారి చదివాడు. చుట్టుపక్కల కౌంటర్ల వాళ్ళు తమ సంతకాలు గుర్తు చేసుకుంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అత్తయ్య మాత్రం వెనక్కి తిరిగి నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది. బేరం కుదిరాక గుడ్డలో చిరుగు కనిపించినప్పుడు చూసినట్టు, నిజమేనా అన్నట్టు చూసింది. తర్వాత లేచి, దిండు నాడాలు విప్పి, మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం నేను నీళ్ళు కాచి తెచ్చేసరికి ఆవిడ స్నానాల గదిలో తలుపేసుకుని తన కట్టు తానే కట్టుకుంది. నడుము వంగదు ఆవిడకు. ఎలా కట్టుకుందో నాకు తెలియదు. బయటికొచ్చాక కట్టు వదులుగా ఉండి ఒక కొస నేల మీద ఈడుస్తోంది. సరిచేస్తానని వంగితే కాలు వెనక్కి లాక్కుంది. మా ఆయనకు సంగతంతా చెప్పాను. ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డానని, ఇద్దరిదీ పోతుందని, ఇంకేవేవో చెప్పాను. అంతా విని, "ఆ కాలు రోజూ చూసేది నువ్వే కదా" అన్నాడు. తలకొట్టేసినట్టయింది.

పది రోజులు అలాగే గడిచాయి. ఇద్దరం కలిసే బయల్దేరేవాళ్ళం, ఒకే బస్సెక్కేవాళ్ళం. కూరలో ఉప్పు సరిపోయిందా, అద్దె ఇచ్చావా వంటి మాటలు తప్ప ఆవిడ నాతో మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం, బస్సు దిగి నడుస్తుండగా, తనలో తాను అనుకున్నట్టు అంది.

"ఆ మీటరుబద్ద మోసం చేస్తే కోపమొస్తుంది. నువ్వు చేస్తే ఏమొస్తుందో నాకింకా తెలియలేదమ్మాయ్."

మే నెల రెండో వారంలో తనిఖీ జరిగింది. ముందు రోజే పైకి కబురొచ్చింది. తనిఖీకి ముందే కబురు రావడమేమిటని అడిగే అమాయకులు మా కొట్లో ఎవరూ లేరు. పొద్దున్నే నేల తుడిపించారు, సరుకు గదిలోంచి దుప్పట్ల అక్కను కిందకు దించారు. పదిన్నరకు యజమాని స్వయంగా వచ్చి, చిరునవ్వుతో, అందరూ హాయిగా కూర్చోండి అన్నాడు. పద్దెనిమిది మంది ఒక్కసారిగా కూర్చుంటే కొట్టంతా ప్లాస్టిక్ మోత. ఎవరూ వెనక్కి ఆనుకోలేదు. బడిలో కొత్తగా చేరిన పిల్లల్లా అంచు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అత్తయ్య దిండు కట్టుకుని మరీ కూర్చుంది.

పదకొండు దాటాక గంట మోగింది. తనిఖీ అధికారిణి లోపలికి అడుగు పెట్టింది. పదిహేడు మంది లేచి నిలబడ్డారు.

ఎవరూ లేవమనలేదు. కూర్చోమనే చెప్పారు. కూర్చుంటేనే తమకు మంచిదని ఆ పదిహేడు మందికీ తెలుసు. దుప్పట్ల అక్కతో సహా, కుర్చీ కోసం మూడో అంతస్తుకు పోయిన మనిషితో సహా, లేచారు. వాళ్ళ కాళ్ళు ఆ గంటకే జవాబు చెప్పాయి. అన్నేళ్ళు అరిగిన అలవాటును ఒక్క పొద్దులో చట్టం ఏం చేస్తుంది? యజమాని ముఖం వెలిగిపోయింది.

"చూశారా మేడం. కూర్చోండి కూర్చోండి అని బతిమాలినా వినరు. వీళ్ళకు నిలబడడమే సుఖం. ఎంతైనా మనం బలవంతం చేయలేం కదా" అని ఫైలు అందించాడు.

ఆమె నడివయసు మనిషి. ఆ రోజు ఇంకా ఆరు కొట్లు చూడాలట, ముఖమంతా చెమట. కుర్చీలు లెక్కపెట్టుకుంది, ఫైలులో కాగితాలు తిరగేసింది, రాసుకోవడానికి కలం మూత తీసింది. ఇంకొక్క నిమిషం గడిస్తే అంతా సవ్యంగా ఉందని రాసి వెళ్ళిపోయేది. తల ఎత్తేసరికి కౌంటరు పైన అందరి నడుములూ కనిపిస్తుంటే, ఒక్కచోట మాత్రం తల కనిపించింది.

మీటరుబద్ద గబగబా వెళ్ళి, మేడం వచ్చారు, లేవండి అని అత్తయ్య చెవిలో అన్నాడు.

"కూర్చోమన్నారు, కూర్చున్నాను" అంది అత్తయ్య. గొంతు పెంచలేదు. కౌంటరు అంచును రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉంది. లేవడానికి కాదు, లేవకుండా ఉండడానికి.

అధికారిణి ఆవిడ దగ్గరకు వెళ్ళింది. ఫైలులో పేరు వెతికి, నిలబడడమే సౌకర్యమని మీరు రాసిచ్చినట్టుందే అంది.

"సంతకం నాదేనమ్మా. చదవలేదు."

"చదవకుండా ఎలా పెట్టారు?"

"మా కోడలు టైపు చేసింది. అందుకని."

అంతే అంది. నావైపు చూడలేదు, వేలు చూపించలేదు, నిష్ఠూరంగా కూడా అనలేదు. ఎవరైనా అడిగితే ఇంటి అడ్రసు చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద కోపమో విడదీసి చెప్పలేను. సలహాదారు మీద, మీటరుబద్ద మీద, అద్దాల గది మీద, అన్నిటికంటే ఎక్కువ నా మెత్తటి కుర్చీ మీద. లేచి నిలబడ్డాను. పని మధ్యలో నేను ఆ కుర్చీలోంచి లేవడం మూడేళ్ళలో అదే మొదటిసారి.

"ఆ కోడలిని నేనే మేడం. పద్దెనిమిదీ నేనే టైపు చేశాను. రాసిచ్చింది వీళ్ళు కాదు, నమూనా పైనుంచి వచ్చింది. నేను పేర్లు మాత్రం మార్చాను. సంతకాలు నా కౌంటరు దగ్గరే పెట్టించాను. ఆవిడ ఏమిటని అడిగితే సరిగ్గా చెప్పలేదు."

యజమాని నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. ఈ అమ్మాయికి ఒంట్లో బాగాలేదని ఏదో మొదలుపెట్టాడు. నేను ఆగలేదు. తొడుగుల చప్పుడు గురించి చెప్పాను, సరుకు గది గురించి చెప్పాను. ఆవిడ కాలు చూడండి మేడం, ఆ పుండు చూడండి అని అన్నాను. అత్తయ్య చీర అంచు చీలమండ మీదకు లాక్కుంది.

"కాలు ఎందుకులే అమ్మాయ్. కుర్చీ చూస్తే చాలు."

అధికారిణి వంగి పక్కనున్న కుర్చీ తొడుగును వేలితో నొక్కింది. కొత్తగా వచ్చినట్టే ఉంది, ముడత లేదు. ఎన్నాళ్ళయింది ఇవి వచ్చి అని అడిగితే యజమాని బదులు దుప్పట్ల అక్క చెప్పింది, ఆరు వారాలని. ఆ కాగితం చదివి సంతకం పెట్టినవాళ్ళు చేతులెత్తమంటే ఒక్క చెయ్యి లేవలేదు. చదివినా పెట్టేదాన్నే, పెట్టేదాకా ఆయన కదలడు కదా అని దుప్పట్ల అక్క మీటరుబద్దను చూపించింది.

ఇంత జరిగాక ఏదో పిడుగు పడుతుందని నేను అనుకున్నాను. అధికారిణి తీసిన కలంతో ఒక పేజీ రాసింది. కాగితాలు చెల్లవు. తొడుగులు తీసేయాలి. మూడు నెలల్లో మళ్ళీ చూస్తారు. మొదటి తప్పు కాబట్టి హెచ్చరిక. అంతే. పంతొమ్మిదేళ్ళు నిలబడ్డ కాలికి ఒక పేజీ హెచ్చరిక. ఆ కాపీ మీద యజమాని సంతకం పెట్టాడు, చాలా జాగ్రత్తగా, ప్రతి ముక్కా చదివి మరీ పెట్టాడు.

ఆమె వెళ్ళాక తొడుగులు రేపు తీయిద్దామని మీటరుబద్ద అన్నాడు. అత్తయ్య లేచింది. గోడకున్న తన గుడ్డ కత్తెర తీసుకుంది. దిండు విప్పి పక్కన పెట్టి, కుర్చీ తొడుగును పైనుంచి కింద దాకా ఒక్క గీతలో కత్తిరించింది. అంత మందపాటి ప్లాస్టిక్‌కు ఆ కత్తెర పదును ఏమయ్యుంటుందో నాకు తెలుసు, ఆవిడకు ఇంకా బాగా తెలుసు. తర్వాత పక్క కౌంటరుకు వెళ్ళింది. అలా ఒకదాని తర్వాత ఒకటి, పద్దెనిమిదీ. ఎవరూ అడ్డు రాలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, ఎడమకాలు పీట మీద చాపింది. నేను వంటింటి గుమ్మంలో ఆగిపోయాను.

"నీళ్ళు చల్లారిపోతాయి" అంది.

తెచ్చి, కింద కూర్చుని, కట్టు విప్పాను. పది రోజుల్లో పుండు బాగా లోతైంది. కడుగుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. మందు సరిగ్గా రాయమందిగానీ ఏడవొద్దనలేదు.

మర్నాటి నుంచి బిల్లు కౌంటరులో బయటినుంచి తెచ్చిన కొత్త మనిషి. డబ్బు తాకే చోట నమ్మకస్తులు ఉండాలని, నన్ను కర్టెన్ల కౌంటరుకు, అత్తయ్య పక్కకు మార్చారు. ఇదేం న్యాయమని అడిగితే, చట్టంలో కుర్చీ గురించే ఉంది, ఎవరిని ఎక్కడ పెట్టాలో లేదు అన్నాడు మీటరుబద్ద. కొన్న కుర్చీలు పద్దెనిమిదే కాబట్టి పంతొమ్మిదోదాన్నైన నాకు లేదు. తెప్పిస్తామన్నారు, మూడు వారాలు తెప్పించారు. ఆ మూడు వారాల్లో నా మడమలు పగిలాయి, పిక్కలు రాళ్ళయ్యాయి. సాయంత్రాలు బస్సులో ఖాళీ సీటు కనిపిస్తే మనిషిని తోసుకుని పోయి కూర్చునేదాన్ని. పది అడుగుల దూరం నుంచి మూడేళ్ళు చూసి కూడా నాకు తెలియనిది అప్పుడు తెలిసింది. అత్తయ్య తన కుర్చీ గంటకోసారి నావైపు తోసేది. నేను మళ్ళీ ఆవిడవైపు తోసేదాన్ని. ఆ పుండు మానేదాకా ఆ కుర్చీలో నాకు వాటా లేదని చెప్పాను. మొండిఘటానివి అని తిట్టింది, కానీ కూర్చుంది.

మూడో వారానికి గంట నాకూ ఒంటికి పట్టేసింది. ఇంట్లో కుక్కరు కూత వేస్తే లేచి నిలబడ్డాను. మా ఆయన చూశాడు, ఈసారి నవ్వలేదు.

తొలివాన పడిన మర్నాడు నా కుర్చీ వచ్చింది. దానికీ తొడుగు ఉంది. అత్తయ్య ఆ మొద్దు కత్తెరతోనే కత్తిరించి, లాగి అవతల పారేసింది. పుండు అప్పటికి అంచుల్లో ఎర్రబడి పూడుకుంటోంది. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. బయట చినుకులు, కొట్లో ఇంకా కొనేవాళ్ళు లేరు. సరిగ్గా అప్పుడు గంట మోగింది. గొడుగు దులుపుకుంటూ యజమాని వచ్చాడు.

కొట్లో సగం మంది లేచారు, సగం మంది లేవబోయి ఆగారు. నా మోకాళ్ళు నన్ను అడక్కుండానే లేస్తున్నాయి. అత్తయ్య అరచెయ్యి వచ్చి నా మోకాలి మీద పడింది. బరువుగా, గుడ్డ తాను జారిపోకుండా అదిమిపట్టినట్టు అదిమింది. ముఖం మాత్రం తిన్నగా ఎదుటికే పెట్టుకుంది. యజమాని మా కౌంటరు ముందు ఆగాడు. మమ్మల్ని చూశాడు, దిండు చూశాడు. ఆవిడ చెయ్యి తీయలేదు. గొడుగు నీళ్ళు నేల మీద మడుగు కడుతున్నాయి. ఆయన ఇంకాసేపు నిలబడి, మెట్లవైపు నడిచాడు.

అద్దాల గది తలుపు మూసుకున్నాక గంట మళ్ళీ మోగింది. తడిసిన చొక్కాతో ఒక ముసలాయన లోపలికొచ్చి, కిటికీ కర్టెనుకు మూడు మీటర్లు కావాలన్నాడు. అత్తయ్య నా మోకాలి మీంచి చెయ్యి తీసింది. ఇద్దరం లేచాం.

"ఏ రంగు చూపించమంటారు?" అంది.